వల గీసిన గవ్వ

పోయిన ఆదివారం పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లో మా చిన్నబ్బాయి ఇంటికి వెళ్ళేసరికి హాలు నడిమధ్యన నీలం ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. దాని మీద ఒక టబ్బు, టబ్బులో రంగులు కలిపిన బియ్యం, పక్కన గిన్నెలో సబ్బు నురుగు, ఇంకో పళ్ళెంలో ఉడికించిన సగ్గుబియ్యం. వీటన్నిటి మధ్యలో మా మనవరాలు మోచేతుల దాకా జిగురు పూసుకుని కూర్చుంది. జుట్టులో సగ్గుబియ్యం, కనుబొమ్మ మీద నురుగు. "అత్తమ్మా, పట్టా మీద కాలు పెట్టకండి, జారిపోతారు," అంది కోడలు. తర్వాత నేను అడక్కుండానే వివరం కూడా చెప్పింది. ఇది ఆట కాదట, చదువేనట. పసిపిల్లలు తడీ పొడీ, గరుకూ నునుపూ చేతులతో తెలుసుకుంటే మాటా బుద్ధీ తొందరగా వస్తాయట. ఫోన్లో ఎవరో చేసి చూపించారట. నన్నడిగితే ముందు నా కళ్ళు పడ్డది ఆ బియ్యం మీద. ఓడ వస్తేగాని పొయ్యి మీదకి బియ్యం ఎక్కని రోజులు చూసినదాన్ని, ఎర్రరంగూ పచ్చరంగూ పులిమిన బియ్యం చూస్తే ఒళ్ళు మండదా? అయినా నోరు మూసుకున్నాను. కోడలు మంచిది, పైగా ఆ పూట వంట ఆమెదే. "మా అమ్మ కూడా ఇలాగే చేసేది," అన్నాను చివరికి. ఆమె నమ్మినట్టు లేదు. "మీ రోజుల్లో కూడా ఉండేదా ఇది?" అంది నవ్వుతూ. ఉండేది. దానికి పేరు లేదు, అంతే. ఆ ఆట మూలంగా ఒక మధ్యాహ్నం మా ఇంట్లో ఒక పసిప్రాణం పోవలసింది కూడా. అది మాత్రం కోడలికి చెప్పలేదు. టబ్బు ముందు పిల్ల ఉండగా చెప్పే మాట కాదు.

మావాళ్ళది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. స్వాతంత్ర్యం వచ్చాక ఈ దీవుల్లో చేపలు పట్టే మనుషులు కావాలని అటునుంచి కుటుంబాలను రప్పించారు. మా నాన్న, అమ్మ, నాన్నని కన్న మా మామ్మ అలా ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. నేను వచ్చింది అమ్మ చంకలో. మా చెల్లి ఇక్కడే పుట్టింది. జెట్టీకి దూరంగా, మడచెట్ల వారన మా వాడ. చెక్క గోడలు, రేకుల కప్పు, వానాకాలమంతా పక్కమనిషి మాట వినపడనంత చప్పుడు. మామ్మకి ఇక్కడి సముద్రం మొదటినుంచీ నచ్చలేదు. మా ఊళ్ళో సముద్రమంటే ఇసక, ఇసక మీద అల, అల తెచ్చి పడేసిన డొల్ల గవ్వలు. అవి పిల్లలు ఏరుకుని ఆడుకునే వస్తువులు, వాటివల్ల ఎవరికీ ఏ భయమూ లేదు. ఇక్కడ పోటు తగ్గితే పగడపు దిబ్బలు, రాళ్ళ మధ్య ఆగిపోయిన నీళ్ళగుంటలు, ఆ గుంటల్లో పేరు తెలియని ప్రాణులు. "ఇది మన గంగమ్మ కాదే, దీని మొకం నాకు తెల్దు," అనేది మామ్మ. అనడమైతే అనేది గాని, తెలియనిదాన్ని చూసి వెనక్కి తగ్గే మనిషి కాదు. పొద్దున్నే చీర పైకి దోపుకుని ఆ దిబ్బల మీద తిరిగొచ్చేది.

అప్పటికి నైలాన్ వలలు మా దాకా రాలేదు. అన్నీ నూలు వలలే. ఉప్పునీళ్ళకి కుళ్ళిపోకుండా వాటిని మడచెట్ల బెరడు ఉడికించిన కషాయంలో నానబెట్టేవారు. చెట్టు మానుని తొలిచి చేసే చిన్న పడవని ఇక్కడ డోంగీ అంటారు. నాన్న విరిగిపోయిన డోంగీ ఒకటి సంపాదించి, బాగున్న సగం కోసి, తెరుచుకున్న పక్క పలక కొట్టి, పెరట్లో తొట్టిగా పెట్టాడు. ఎన్నాళ్ళ కషాయం తాగిందో ఆ కర్ర, అందులో ఎంత తేట నీళ్ళు పోసినా కాసేపటికి కాఫీ మడ్డి రంగుకి తిరిగేవి. చెయ్యి ముంచితే మణికట్టు కింద మరి కనిపించేది కాదు. వలలు నానబెట్టని రోజుల్లో ఆ తొట్టికి పని లేదు. ఆ తొట్టినే అమ్మ చెల్లికి ఇచ్చింది.

చెల్లికి అప్పుడు నాలుగేళ్ళు. ఒక్క చోట కాలు నిలవని పిల్ల. అమ్మేమో చేపలు ఎండబెట్టాలి, వలలు బాగుచేయాలి, ఆ మధ్యలో ఇది సముద్రం వైపు పరిగెత్తకుండా చూడాలి. ఎండాకాలంలో మంచినీళ్ళకి కటకట, కుళాయి దగ్గర బిందెల యుద్ధాలు, కాబట్టి తొట్టిలోకి సముద్రపు నీళ్ళే మోసేవాళ్ళం. అడుగున ఇసకా, మడ బురదా. అందులో వలకి బరువు కట్టే మట్టి గుళ్ళు, కొబ్బరి పీచు, చింతగింజలు, చేప పొలుసులు, సొరచేప తోలు ముక్క. చెల్లి కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముంచాలి. దొరికింది గరుకా నునుపా, మెత్తటిదా గట్టిదా, బరువా తేలికా చెప్పాలి. పేరు చెప్పాలి. అప్పుడు మాత్రమే పైకి తీసి అమ్మ అరచేతిలో పెట్టాలి. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని మళ్ళీ నీళ్ళలో వేసేది. లెక్కలు కూడా దానికి మట్టి గుళ్ళతోనే వచ్చాయి, ఎడం చేతిలో రెండు, కుడిచేతిలో మూడు, మొత్తం ఎన్ని అని. అమ్మకి అక్షరం ముక్క రాదు. ఇక్కడి బడిలో చెప్పేది హిందీ. "బళ్ళో ఏ బాస సెప్తారో నాకు తెల్దు. నాకొచ్చింది నాను నేర్పుతాను," అనేది. చెల్లికి ఒక్కటే చెడ్డ అలవాటు. ఆట మధ్యలో ఎత్తుకుంటే చాలు, చేతిలో ఉన్నదాన్ని పిడికిట్లో బిగించి పట్టుకునేది. ఎంత బతిమాలినా, వేళ్ళు విడదీసినా వదిలేది కాదు. రోజూ సాయంత్రం బురద పిడికిళ్ళతోనే దాన్ని ఇంట్లోకి మోసుకొచ్చేవాళ్ళం.

మామ్మకి ఈ వ్యవహారం బొత్తిగా గిట్టేది కాదు. కషాయం పట్టి చెల్లి చేతులు మోచేతుల దాకా గోధుమరంగుకి తిరిగాయి, ఎంత రుద్దినా పోవు. ఒకసారి ఎవరో పిల్లకి చర్మరోగమా అని అడిగారు. ఇంక చూడాలి మామ్మని. "ఆడగుంటని బురదలో కూకోబెట్టి ఏటి నేర్పుతున్నావే, పందిపిల్లా అది?" అంది. అమ్మ ఎదురు చెప్పలేదు, తొట్టి మాత్రం తియ్యలేదు. మా అమ్మ పద్ధతి అంతే, నోటితో గెలవదు. ఆ తర్వాత అత్తాకోడళ్ళ మాటలన్నీ నా మీదుగా నడిచాయి. "మీ అమ్మతో సెప్పు, కూరలో ఉప్పెక్కువైందని." "మీ మామ్మతో సెప్పు, అయితే రేపు ఆవిణ్ణే వండమని." ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు, మధ్యలో నేను. ఇంట్లో గాలి కూడా బిగుసుకుపోయినట్టుండేది. అయినా చెల్లి కళ్ళు మూసుకుని ఒక్కో వస్తువు పేరూ చెబుతుంటే మామ్మ వాకిట్లోంచి ఓరగా చూసేది. నేను చూస్తే మొహం తిప్పేసుకునేది. ఆవిడ మనసు మెత్తబడుతోందని నాకు అనిపించింది గాని, ఆ మాట ఎవరితో అనగలను?

ఆ రోజు మగవాళ్ళు వేటకి వెళ్ళారు. ఎండ నడినెత్తిన ఉంది. అమ్మ తొట్టి పక్కనే కూర్చుని వల బాగుచేస్తోంది, నేను దారం అందిస్తున్నాను. చెల్లి కళ్ళు మూసుకుని, తొట్టి అంచుకి గడ్డం ఆనించి, చేతులు ముంచి వెతుకుతోంది. మామ్మ పొద్దున్న దిబ్బల మీదనుంచి వచ్చినప్పటినుంచీ ఒక రకంగా ఉంది, లోపల్లోపల నవ్వుకుంటోంది. అప్పుడు పక్కింటి దీదీ నిప్పు కోసం కుండ పెంకు పట్టుకుని వచ్చింది. ఆమెవాళ్ళు తాతల నాటినుంచీ ఈ దీవుల్లోనే ఉన్నారు. ఆమె భర్త ఒక కంట్రాక్టరు కింద సముద్రంలో మునిగి శంఖాలు తీసేవాడు. ఇంట్లో హిందీ మాట్లాడేది, మాతో హిందీ తెలుగూ కలిపి మాట్లాడేది. అమ్మకి వినపడకూడదనుకుంటూనే వినపడేలా మామ్మ ఆమెతో చెప్పింది.

"మా సిన్నగుంటకి ఒకటి తెచ్చానే ఇయ్యాల. ఇంత గవ్వ. దాని ఒంటినిండా వల గీసుంది, కన్నూ కన్నూ కొలిచినట్టు. పేణంతోనే ఉంది. వలలోల్లమని గంగమ్మ తల్లి మనకే పంపింది. తొట్లో ఏసాను, దొరుకుతాదో నేదో సూద్దాం."

వల గీసిన గవ్వ వలలవాళ్ళది కాక ఇంకెవరిది? మా వాడలో ఎవరైనా అలాగే అనుకునేవారు. దీదీ మాత్రం నవ్వలేదు. పెంకు కింద పెట్టేసింది. "రంగేమిటి దాదీ? పీలా, పసుపా? ఒక పక్క సన్నగా ఉంటాదా?" అని అడిగింది. మామ్మ అన్నిటికీ ఔనంది. దీదీ తొట్టి వైపు చూసింది. గొంతు బాగా తగ్గించి, ఒక్కో మాటే చెప్పింది. "అది కుడతాది. సన్న కొసలోంచి సూది బయటికొస్తాది. మా ఆయన పక్కన పని చేసే ఆద్మీ చేత్తో పట్టుకున్నాడు. ఒడ్డుకి తెచ్చేలోపల ఖతమ్. ఎవరూ అరవొద్దు. బచ్చీ ఉలిక్కిపడితే గట్టిగా పట్టేస్తాది, అప్పుడు కుడతాది."

అమ్మ సగం లేచి ఆగిపోయింది. పిల్లని ఒక్క లాగు లాగి ఎత్తేసుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మాకు ఆ పిడికిలి సంగతి తెలుసు. చేతిలో అది ఉంటే, ఎత్తుకోవడమే చంపుకోవడం. ఉందో లేదో నీళ్ళలోకి చూస్తే తెలిసేది కాదు, అంతా నలుపు. అమ్మ మళ్ళీ మెల్లగా కూర్చుంది. రోజూ ఆటలో పలికే గొంతే తెచ్చుకుని అడిగింది.

"ఏటి దొరికిందే అమ్మా?"

"కొత్తది," అంది చెల్లి కళ్ళు తెరవకుండా. "బరువుంది. నున్నగుంది. ఒక పక్క సన్నం."

"ఇంకా?" అంది అమ్మ.

"దీనికి నాలికుందమ్మా. నా ఏలు నాకతంది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. దీదీ పెదవుల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఒగ్గీ తల్లీ," అంది అమ్మ. "దానికి నిద్దరొస్తంది. ఇసకలో బజ్జోబెట్టీ." చెల్లి ఒప్పుకోలేదు. పేరు చెప్పాలి, తీసి నీ చేతిలో పెట్టాలి, నువ్వే కదా చెప్పావు అంది. అమ్మ నేర్పిన ఆటే, అమ్మ పెట్టిన నియమమే, ఇప్పుడు అమ్మకే అడ్డం తిరిగింది. నీళ్ళు కదిలాయి. మోచేతులు పైకి లేస్తున్నాయి. "వద్దు, తియ్యకు," అంది అమ్మ, ఆ గొంతు ఆటది కాదు. చెల్లి కళ్ళు తెరిచి అమ్మ మొహం చూసింది. దాని భుజాలు బిగుసుకున్నాయి, కింది పెదవి వణికింది. ఇంకొక్క క్షణంలో ఏడుపు, ఏడిస్తే పిడికిలి.

మామ్మ ఎప్పుడు కదిలిందో నేను చూడలేదు. చూసేసరికి తొట్టికి అవతల, చెల్లికి ఎదురుగా బురదలో చతికిలబడి ఉంది. ఎప్పుడూ తొట్టికి ఆమడ దూరంలో ఉండే మనిషి కుడిచెయ్యి భుజం దాకా నీళ్ళలో ముంచేసింది. "ఇయ్యాల నాను ఆడతాను," అంది. "నీల్ల కిందే ఇచ్చీ నాకు. పైకి తీత్తే ఓడిపోయినట్టే."

చెల్లి ఏడుపు మర్చిపోయింది. "నీకు ఆట రాదు కదా మామ్మా?"

"నేర్పు మరి."

"అయితే కళ్ళు మూసుకో."

మామ్మ కళ్ళు మూసుకుంది. "నహీఁ దాదీ," అని దీదీ పక్కనుంచి గొణిగింది. మామ్మ వినిపించుకోలేదు. అరచెయ్యి చాపమంది చెల్లి, గట్టిగా పట్టుకోకూడదు, అది భయపడతాది అని కూడా చెప్పింది పెద్ద పంతులమ్మలా. నీళ్ళ పైన ఏమీ తెలియలేదు. మూసిన కళ్ళతో మామ్మ మొహం, నాలుక కొస బయటపెట్టి శ్రద్ధగా పని చేస్తున్న చెల్లి మొహం, అంతే. ఎంతసేపని చెప్పను? నాకది తెల్లారని రాత్రిలా అనిపించింది. చివరికి చెల్లి భుజాలు వదులయ్యాయి. "ఇచ్చేసాను," అంది. ఆ మాట పూర్తయ్యేలోపు అమ్మ దాన్ని ఎత్తుకుని వాకిట్లో ఉంది. దాని రెండు అరచేతులూ ఎండలోకి తిప్పి, ఒక్కో వేలూ, ఒక్కో గోరూ చూసింది. ఖాళీ. గీత కూడా లేదు. అప్పుడు అమ్మ గడప మీద కూలబడింది.

మామ్మ చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది. కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి, తెరవమని ఎవరూ చెప్పలేదు కదా. దీదీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ముట్ఠీ, పిడికిలి మూయొద్దు దాదీ. చెయ్యి అలాగే కిందకి, ఇసక దాకా. ఇప్పుడు పక్కకి వంచు. ఆహిస్తా, మెల్లగా." మామ్మ పెదవులు కదిలాయి. "నాకతంది," అంది, చెల్లి అన్న మాటే. ఆ తర్వాత భుజం ఒక పక్కకి ఒరిగింది. నీళ్ళు కారుతున్న చెయ్యి పైకి వచ్చింది. ఖాళీగా ఉంది. దీదీ ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, పడవలు తిరిగొచ్చేదాకా మామ్మని లేవనివ్వలేదు. పెదాలు మొద్దుబారుతున్నాయా, ఊపిరి బరువుగా ఉందా అని అడుగుతూనే ఉంది. ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో దేవుడికే తెలియాలి. ఆ సాయంత్రమంతా మామ్మ ఒకే ఒక్క మాట మాట్లాడింది. "వల గీసుంది కదే. మనదే అనుకున్నాను." ఊరొదిలి ఓడెక్కిన రోజున కూడా ఏడవలేదట ఆవిడ. ఆ రోజు ఏడ్చింది, ముక్కు చీదుకుంటూ, అందరి ముందూ.

నీళ్ళు తోడి పారబోసి, దీదీ భర్త పొడుగు పట్టకారుతో దాన్ని తీశాడు. దూరం నుంచి చూశాను. నిజం చెప్పాలంటే అంత అందమైన వస్తువు నేను మళ్ళీ చూడలేదు. నాన్న తొట్టిని అక్కడికక్కడే కట్టెలు కొట్టేస్తానని గొడ్డలి తీశాడు. అమ్మే అడ్డం నిలబడింది. ఆ తర్వాత కొన్నాళ్ళు అమ్మా మామ్మా నా మీదుగా కూడా మాట్లాడుకోలేదు. ఉప్పెక్కువైందని చెప్పమనడం కూడా లేదు. అమ్మ కోపం చల్లారదేమో, మామ్మ ఓడెక్కి ఊరికి వెళ్ళిపోతుందేమో అని నాకు ఒకటే బెంగ. ఒక పొద్దున్న అమ్మ బిందెలు తీసుకుని సముద్రానికి వెళ్ళి తొట్టిలో మళ్ళీ నీళ్ళు పోసింది. ఇసక వేసింది, గుళ్ళు వేసింది. మామ్మ ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుని, చెయ్యి ముంచి, ఆ మూల నుంచి ఈ మూల దాకా అడుగంతా తడిమి చూసింది. "ఇప్పుడు రాయే," అంది చెల్లితో. అమ్మ తన పీట మామ్మ వైపు జరిపింది. ఇక ఆ తొట్టి ఉన్నన్నాళ్ళూ మామ్మ చెయ్యి ముందు, చెల్లి చెయ్యి తర్వాత.

చెల్లి ఇప్పుడు చౌల్దారీ అనే పల్లెలో ఉంటుంది. కొబ్బరితోట, కూరపాదులు, మనవలు. గోల్ ఘర్ నుంచి వచ్చిన రాత్రి మనసు ఆగక ఫోన్ చేసి, ఆ రోజు నీకు గుర్తుందా అని అడిగాను. దానికి గవ్వ గుర్తు లేదు. దీదీ గుర్తు లేదు, అమ్మ గొంతు మారడం గుర్తు లేదు. ఇన్నేళ్ళలో మేమెవరమూ దానికి పూర్తిగా చెప్పలేదు కూడా. "మామ్మ మొదటిసారి నాతో ఆడిన రోజు కదక్కా అది," అంది. "కళ్ళు మూసుకోమంటే మూసుకుంది, చెయ్యి చాపమంటే చాపింది. అప్పుడే అమ్మ వచ్చి ఎత్తుకుపోయింది." ఆ మధ్యాహ్నం మాకు ఎంతకీ గడవలేదు. మా చెల్లికి మాత్రం ఆ ఆట చప్పున అయిపోయిందని ఇప్పటికీ బాధే.